రాతి దువ్వెన పళ్ళలో చెక్కపేళ్ళు

తాహ్రా నీళ్ళు లేని ఇంట్లో పుట్టింది. తాగడానికి లేక కాదు. వాళ్ళ నాన్న పేరు మీద ఆ ఊళ్ళో చిటికెనవేలంత ధార కూడా లేదు. అక్కడ ఒక మనిషికి మేడ ఉందా, మేకలున్నాయా అని ఎవరూ అడగరు. నీళ్ళున్నాయా అని అడుగుతారు. దూరాన పీఠభూమి కింద ఊరే నీళ్ళు సొరంగంలో పడి, చీకట్లో నడిచి నడిచి, ఖర్జూరపు తోటల దగ్గర వెలుగు చూస్తాయి. ఏ కాలపు తాతలు తవ్వారో ఆ సొరంగాన్ని. ఫొగ్గారా అంటారు దాన్ని. నీళ్ళు బయటపడిన చోట అడ్డంగా ఒక రాతిపలక, దానికి దువ్వెన పళ్ళలా చెక్కిన సందులు. ఒక్కో సందు ఒక్కో ఇంటిది. తాహ్రా నాన్న జీవితమంతా ఆ సందుల్లోంచి పారే నీళ్ళను పరాయి మళ్ళలోకి మళ్ళించాడు. పంటలో ఐదో వంతుకి పనిచేశాడు. పోయేనాటికి ఆయన కాళ్ళ పగుళ్ళలో బురద ఉంది గానీ ఆ బురద కూడా ఆయనది కాదు.

అందుకని బూజెమా తనను పెళ్ళి చేసుకుని తోటకు తీసుకొచ్చిన మొదటి ఉదయం ఆమెకు బాగా గుర్తు. తోట గోడ మూలన ఇంకో చిన్న రాతి దువ్వెన ఉంది. పెద్ద దువ్వెన నుంచి వాళ్ళ కుటుంబానికి వచ్చిన ధార అక్కడ రెండుగా చీలుతుంది. ఒక సందు బూజెమాది, ఇంకొకటి తమ్ముడు బిలాల్ ది. బూజెమా ఆమె చెయ్యి పట్టుకుని నీళ్ళలో ముంచి, “ఇది మనది” అన్నాడు. ఆమె చాలాసేపు చెయ్యి తియ్యలేదు. వేళ్ళ మధ్యనుంచి జారిపోతున్నది ఏదో తన పేరు పలుకుతున్నట్టు అనిపించింది.

బూజెమా రెండు పనులు చేసేవాడు. ఎండిన ఖర్జూరపు మానులను చీల్చి ఇళ్ళకు దూలాలు చెక్కేవాడు. చలికాలంలో సొరంగంలోకి దిగి ఇసుక ఎత్తిపోసేవాడు. రెండో పని అతని రొమ్ములోకి చల్లటి చెమ్మను పంపింది. ఓ చలికాలం ఆ చెమ్మ దగ్గుగా మారి, దగ్గు నెత్తురుగా మారి, అతన్ని తీసుకుపోయింది. పిల్లలు లేరు.

వితంతువు ఇల్లు కదలకూడని గడువు తీరాక బిలాల్ వచ్చాడు. మంచివాడే. ఇంటినిండా పిల్లలు, ఒంటినిండా అలసట. మూడో గ్లాసు టీ దాకా మాట కదపలేదు. తర్వాత నేల చూస్తూ చెప్పాడు.

“వదినా, మన ధర్మం ప్రకారం అన్న నీళ్ళలో నాలుగో వంతు నీది, మిగిలింది నాది. అది నేనిప్పుడు అడగడం లేదు. తోట పచ్చగా ఉన్నన్నాళ్ళు అన్న నీళ్ళు అన్న తోటకే పోనీ. ఖర్జూరం పండేటప్పుడు వచ్చి చూస్తాను. ఎండిన తోటకు నీళ్ళు పోస్తూ కూర్చుంటే మాత్రం నా పిల్లలు నన్ను క్షమించరు.”

అది బెదిరింపు కాదు, న్యాయం. బెదిరింపైతే పోట్లాడేది. న్యాయంతో ఏం పోట్లాడుతుంది? నాలుగో వంతు నీళ్ళతో తోటలో ధార పట్టే తొట్టి అడుగు తడుస్తుంది, అంతే. నాలుగో వంతు నీళ్ళ మనిషి మళ్ళీ నాన్నలాగా ఎవరి మళ్ళోనో వంగాల్సిందే.

ఏటికేడు ఫొగ్గారా సన్నబడుతోంది. వేసవిలో ధార నూలుపోగంత. వంగ, టమాటా, మిరప, బెండ నారు నాటి, తాహ్రా ఆకాశం వైపు చూడలేదు. ఆ ఊళ్ళో ఆకాశం ఇచ్చేది ఎండా, ఇసుకా. ఆమె నేల వైపు చూసింది.

అలా చూస్తూండగానే గోడ వెనక, బూజెమా మానులు చెక్కిన చోట, గంగవాయిలి కూర కనిపించింది. ఎవరూ నాటలేదు, ఎవరూ తడపలేదు. పాత గొడ్డలి దెబ్బలకు రాలిన చెక్కపేళ్ళు దట్టంగా పరుచుకున్న చోటే, వాటి మధ్యనుంచి కండపట్టిన ఆకులు తల ఎత్తాయి. ఆమె పేళ్ళను పక్కకు తోసి వేలు పెట్టింది. మట్టి చల్లగా ఉంది. నిద్రపోతున్న పసిబిడ్డ మెడ దగ్గరుండే చెమ్మ అది. ఆమె అక్కడే కూలబడి కాసేపు ఏడ్చింది. చనిపోయిన మనిషి చేతి పని ఇంకా నీళ్ళు కాపలా కాస్తోందని.

చెక్కపేళ్ళకు కొదవలేదు. ఆ వసంతంలోనే పట్నం నుంచి వ్యవసాయం వాళ్ళు ఓ మిషను తెచ్చి, ఊళ్ళోవాళ్ళ ఎండు మట్టలూ, ఇసుకలో పెరిగే తమరిస్కు చెట్ల కొమ్మలూ అన్నీ అందులో పెట్టి ముక్కలు చేసి, ఎరువవుతుందని చెప్పి వెళ్ళిపోయారు. ఎవరికీ పట్టలేదు. మట్టలతో కంచె కట్టుకోవచ్చు, పొయ్యి వెలిగించుకోవచ్చు. ముక్కలతో ఏం చేస్తారు? బడి వెనక ఆ గుట్ట మీద పిల్లలు దూకి ఆడుకుంటున్నారు. తాహ్రా బుట్ట తలకెత్తుకుని తిరిగింది. మొక్కల మొదళ్ళు వదిలి, మళ్ళన్నీ అరచెయ్యి మందాన కప్పింది.

పక్క తోట నుంచి ఆడవాళ్ళు గోడ మీద గడ్డం ఆనించి చూశారు. వంకాయలకు చలేస్తోందా, దుప్పటి కప్పావని ఒకావిడ అడిగింది.

“చలి కాదు, సిగ్గు,” అంది తాహ్రా. “మీరంతా అలా గుడ్లప్పగించి చూస్తుంటే కప్పక ఏం చెయ్యను?”

నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ ఏడాది ఆమె నవ్వడం అదే మొదలు, చాలాకాలం వరకు అదే చివర.

తప్పు రెండో రోజే జరిగింది. అది నీళ్ళను ఒక్కసారిగా వదిలే ఊరివాళ్ళే చెయ్యగల తప్పు. అక్కడ తోట తడపడమంటే రాత్రంతా తొట్టిలో నీళ్ళు నిండనిచ్చి, పొద్దున బిరడా లాగెయ్యడం. నీళ్ళు ఉరికి వచ్చి మడిని ముంచేస్తాయి, ఇసుకనేల తాగేస్తుంది. తాత ముత్తాతల నాటినుంచీ అదే పద్ధతి. తాహ్రా కూడా అలాగే లాగింది. క్షణంలో ఆమె కప్పిన దుప్పటంతా లేచి తేలింది. చెక్కపేళ్ళు పడవల్లా మళ్ళ చివరకు కొట్టుకుపోయి, గట్టు దగ్గర గుట్టపడి, మొక్కలను నేలకు వంచేశాయి.

మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులా ఎత్తి పోసింది. తడిసిన పేళ్ళను ఆరబెట్టడానికి తోటలోకల్లా ఎత్తైన గట్టు మీద పరిచింది. ఆ గట్టు పక్కనే మూల, మూలలో చిన్న రాతి దువ్వెన. దాని మీద ఇసుక పడకుండా కప్పిన పలక ఎప్పుడో ఓ మూల విరిగింది. ఆమె దాన్ని చూసింది. చూసి, పేళ్ళు ఆరడం గురించి ఆలోచించింది.

పగిలిన కుండ మెడను బిరడా చోట పెట్టి, సన్నటి ధారగా వదలడం నేర్చుకుంది. ఆరిన పేళ్ళలో కొన్ని తెచ్చి మళ్ళీ పరిచింది. మిగిలినవి గట్టు మీదే ఉండిపోయాయి. అప్పుడే గాలి మొదలైంది. తలుపులు గడియలు పెట్టుకుని, గుడ్డ తడిపి ముక్కుకు కట్టుకుని, ఊరంతా ఇళ్ళలో కూర్చుంది. గాలి తగ్గాక వచ్చి చూస్తే గట్టు మీద పేళ్ళు లేవు. ఎడారికి పోయాయనుకుంది.

మర్నాడు ఆమె తొట్టి అంచుదాకా నిండి ఉంది.

తాహ్రా ఆ నీళ్ళను చాలాసేపు చూసింది. నీళ్ళలో ఖర్జూరపు తలలు, వాటి మధ్య తన తల. వేసవి నడుమ అంత నీరు ఆ తొట్టిలో ఆమె ఎన్నడూ చూడలేదు. పేళ్ళు మడిలో చెమ్మను ఆపుతాయి గానీ తొట్టిలో నీళ్ళు పెంచవని ఆమెకు తెలుసు. ఆ తెలిసినదాన్ని ఆమె ఓ గుడ్డలో మూటగట్టి మనసులో ఏదో మూల పెట్టేసింది. సొరంగంలో ఎక్కడో ఇసుక జారి దారి తెరుచుకుందేమో. బూజెమా లోపలినుంచి చెయ్యి పెట్టి తోశాడేమో. ఎవరినీ అడగలేదు. అడిగితే పోతుందేమోనని భయం.

తోట మారిపోయింది. వంగ నల్లగా నిగనిగలాడింది. బెండ ఆమె భుజానికి వచ్చింది. మిరపచెట్ల కింద నీడ పడింది. ఆ నీడను ఆమె చేత్తో తాకేది. సాయంత్రాలు కుస్కుసు మీదకు గుమ్మడిముక్కలు కోస్తూ, ఖర్జూరం పండే రోజు బిలాల్ తలుపు తీసుకుని వచ్చి నిలబడిపోయే దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ కట్టుకునేది.

గోడకు అవతల బిలాల్ తోట చచ్చిపోతోంది. ఆమె గోడ మీదుగా చూడటం మానేసింది.

బిలాల్ మొదట ఫొగ్గారాను తిట్టాడు. తర్వాత నీళ్ళు కొలిచే బా హమ్మూను అనుమానించాడు. ఊళ్ళో ఏ ఇంటికి ఎంత ధారో ఆ ముసలాయన తలలోనే ఉంటుంది. తగువు వచ్చినప్పుడు చిల్లుల రాగిపలక తెచ్చి కొలుస్తాడు. పెద్ద దువ్వెన దగ్గర ఎవరికో మేలు చేసి తన నోట్లో మట్టి కొట్టాడని బిలాల్ మసీదు అరుగు మీద పదిమందిలో అన్నాడు. ఆ ఊళ్ళో అంతకంటే పెద్ద మాట లేదు. బా హమ్మూ ఆ రోజు భోజనం ముట్టలేదని తాహ్రా చెవిన పడింది. ఆ రాత్రి ఆమె కూడా ముట్టలేదు. అయినా పొద్దున్నే బిరడా తీసింది.

ముసలాయన పెద్ద దువ్వెన కొలిచాడు. సరిగ్గానే ఉంది. కాలువ వెంట నడిచాడు. ఎక్కడా గండి లేదు. ఎండ నెత్తికెక్కే వేళకు నలుగురితో కలిసి తాహ్రా తోట మూలకు వచ్చాడు. విరిగిన పలకను ఎత్తించాడు.

బిలాల్ సందు నిండా చెక్కపేళ్ళు. బురదా నాచూ కలిసి గట్టిపడి, తేనెమైనం పూసినట్టు ఉంది. నీళ్ళు దానికి తగిలి, వెనక్కు తిరిగి, మొత్తంగా తాహ్రా సందులోకి మెలికలు తిరుగుతూ పోతున్నాయి.

వచ్చినవాళ్ళంతా తాహ్రా వైపు చూశారు. ఊరు మొత్తంలో చెక్కపేళ్ళతో తోట కప్పినది ఒక్కత్తే.

బా హమ్మూ ఆ ముద్దను పెకలించి అరచేతిలో పెట్టుకున్నాడు. “గాలి పనిరా బిలాల్,” అన్నాడు. “చూడు, పేళ్ళ మధ్య ఇసుక పొరలు పొరలుగా ఉంది. చేత్తో కుక్కితే ఇలా ఉండదు.”

“గాలికి నా సందే కనిపించిందా తాతా? వదిన సందు కనిపించలేదా?”

“నన్నడుగుతావేం. గాలినడుగు.”

బిలాల్ తాహ్రా వైపు తిరిగాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కోపంతో కాదు, ఇసుకతో, నిద్రలేమితో. “రాయి మీద చెయ్యి పెట్టి చెప్పు వదినా. నీ చెయ్యి కాదని చెబితే నమ్ముతాను. ఇంక ఈ మాట ఎత్తను.”

తడిరాయి మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పిన ఇంటికి నీళ్ళు రావని అక్కడివాళ్ళ నమ్మకం. తాహ్రా మోకరిల్లింది. చెయ్యి పెట్టింది. ఆమె అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. ఒక్క మాట చాలు, అదీ నిజమే. చెప్పేసి లేచి, కొంగు దులుపుకుని ఇంట్లోకి పోవచ్చు. ఆ పచ్చదనం అంతా ఆమెకే మిగులుతుంది. నాన్నలా వంగక్కర్లేదు.

“నా చెయ్యి కాదు,” అంది. నలుగురూ ఊపిరి వదిలారు. బిలాల్ తల దించుకున్నాడు. ఆమె చెయ్యి ఇంకా రాయి మీదే ఉంది. నీళ్ళు మణికట్టు చుట్టూ తిరుగుతున్నాయి. అవి ఎవరివో ఆమెకిప్పుడు తెలుసు.

“గాలి మర్నాడే తొట్టి నిండింది. ఎందుకు నిండిందో నేను చూడలేదు. చూడకూడదనే చూడలేదు.”

బిలాల్ వంగి తన సందులో మిగిలిన పేళ్ళను గీకి తీశాడు. అది అన్నిటికంటే కష్టంగా ఉంది. ఏదైనా అంటే ఆమె తట్టుకునేది.

నీళ్ళ బాకీ నీళ్ళతోనే తీరాలి. అది ఊరి పద్ధతి, దానికి పంచాయితీ అక్కర్లేదు. గాలి వీచిన నాటి నుంచి ఈ నాటి దాకా ఎన్నాళ్ళో, అన్నాళ్ళూ తాహ్రా ధార బిలాల్ తోటలోకి పారాలి. బా హమ్మూ మట్టి పిసికి ఆమె సందును తన చేత్తోనే మూశాడు. మూస్తూ గొణిగాడు. “ఎండలు బాగా ముదిరాయి తల్లీ. నా చేతుల్లో ఉంటే చలికాలంలో తీర్చుకోమనేవాణ్ణి.” ఎవరి చేతుల్లోనూ లేదు. బిలాల్ చెట్లు చలికాలం దాకా ఆగవు.

తర్వాత రోజులను తాహ్రా ఎప్పుడూ ఎవరికీ వివరంగా చెప్పలేదు.

తొట్టి అడుగున బురద పగిలి పెంకులు పెంకులుగా లేచింది. ఆమె గిన్నెలు కడిగిన నీళ్ళు, నమాజుకు ముఖం కడుక్కున్న నీళ్ళు, బియ్యం కడుగు, అన్నీ ఓ డబ్బాలో పోగుచేసి, పేళ్ళు పక్కకు జరిపి, మొదళ్ళలో గుక్కెడు గుక్కెడు పోసి మళ్ళీ కప్పేది. అందరికీ చాలేది కాదు. ఎవరికి పోయాలో ఎంచుకోవాల్సి వచ్చింది. టమాటాను ముందు వదిలేసింది. వదిలేసిన మొక్కల పక్కనుంచి నడవాల్సి వస్తే ముఖం పక్కకు తిప్పుకునేది. మిరపకు పూత తుంచేసింది, పిందెలు తుంచేసింది. కడుపున పడ్డదాన్ని తుంచుకోవడం ఇలాగే ఉంటుందేమో అనుకుంది. బెండ ఆకులను సగానికి కత్తిరించింది, తాగే నోళ్ళు తగ్గాలని. మధ్యాహ్నం ఎండు మట్టలు గుచ్చి నీడ చేసేది. నీడ జరిగినప్పుడల్లా మట్టలను జరిపేది. తానే నీడై నిలబడిన సమయాలూ ఉన్నాయి.

పగలంతా తోట నిశ్శబ్దంగా ఉడికేది. గోడ అవతల మాత్రం బిలాల్ తొట్టిలోకి నీళ్ళు పడే చప్పుడు. ఒకే ధార రెండింతలై, బరువుగా. ఆమె నీళ్ళూ ఆ చప్పుడులో ఉన్నాయి. చెవులకు కొంగు కట్టుకున్నా వినిపించేది.

ఓ తెల్లవారుజామున ఆమె ఖర్జూరపు ముల్లు ఒకటి పట్టుకుని దువ్వెన దగ్గర కూర్చుంది. మూసిన మట్టి లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. ముల్లు గుచ్చి తీస్తే చిన్న బెజ్జం. చిన్న బెజ్జంలోంచి వెంట్రుకంత ధార. వెంట్రుకంత ధార వంగకు చాలు. ఎవరు చూస్తారు? బిలాల్ కు ఆ వెంట్రుక తగ్గిందని కూడా తెలీదు. ముల్లు మొన మట్టిలోకి దిగింది. అవతల బిలాల్ భార్య పిల్లలను లేపుతూ తిడుతోంది, చల్లటి నీళ్ళతో ముఖాలు కడుక్కోమని, ఈసారి ఉల్లి బతుకుతుందని. తాహ్రా ముల్లు బయటికి లాగింది. బొటనవేలితో ఆ గుర్తును రుద్ది రుద్ది చదును చేసింది. ఆ తర్వాత మడిలోకి వెళ్ళి వంగమొక్కల మధ్య పడుకుని, చెంప చెక్కపేళ్ళకు ఆనించి, చచ్చిపోతే బాగుండునని మొదటిసారి పైకే అంది.

చెంప కింద చల్లగా ఉంది.

అంతే. అదేమీ కబురు కాదు, ఆశ కాదు. పేళ్ళ కింద మట్టి ఇంకా పూర్తిగా చావలేదు. ఆమె లేచింది.

బా హమ్మూ మట్టి తీసి సందు తెరిచిన రోజు నుంచి ఖర్జూరం పండేవరకు వ్యవధి ఎక్కువ లేదు. కాయలు అప్పటికే పసుపు తిరిగాయి. తెరిచిన ధార నూలుపోగంతే, ఎప్పటి ధారే. టమాటా మళ్ళు బూడిద. మిరపలో సగం పుల్లలు. వంగ కొన్ని, బెండ చాలావరకు నిలబడ్డాయి. ఆకులు లేక అసహ్యంగా, మొండిగా, కణుపుల దగ్గర గోరంత చిగురుతో.

బిలాల్ చెప్పిన మాట ప్రకారమే వచ్చాడు. బా హమ్మూను సాక్షిగా తెచ్చుకున్నాడు. తాహ్రా టీ పెట్టలేదు. పెడితే బతిమాలినట్టుంటుందని. గోడకు ఆనుకుని నిలబడింది. అతను ఒక్కో మడి దాటాడు. చచ్చిన మళ్ళ దగ్గర ఎక్కువసేపు ఆగాడు. బెండ దగ్గర కూర్చుని, పేళ్ళను తోసి, వేళ్ళు మట్టిలో పెట్టి, ఉంచాడు. తీసినప్పుడు గోళ్ళకు అంటిన చెమ్మను చూసుకున్నాడు. దగ్గరకు తెచ్చుకుని వాసన కూడా చూశాడు.

“పచ్చగా ఉందని నేను అనలేను వదినా,” అన్నాడు లేవకుండానే. “చచ్చిందని కూడా అనలేను.”

“ఏదో ఒకటి అను, బిలాల్. నిలబడలేకపోతున్నాను.”

అతను తోసిన పేళ్ళను మళ్ళీ బెండ మొదట్లోకి జరిపాడు. “సగం బతికింది. సగం నీళ్ళు ఉంచుకో.”

బా హమ్మూ తల ఎత్తి చూశాడు. ధర్మం చెప్పేది నాలుగో వంతు. బిలాల్ ఆ చూపును పట్టించుకోలేదు. చేతులు దులుపుకుని, పిల్లలు ఎదురుచూస్తున్నారని ఏదో అంటూ వెళ్ళిపోయాడు. ముసలాయన దువ్వెన దగ్గర వంగి, ఓ రాతిముక్కను మట్టితో అంటించి ఆమె సందును ఇరుకు చేశాడు. ధార ఇంకా సన్నబడింది. ఇంకా పారుతోంది.

సగం. సగం నీళ్ళతో ఎవరూ తోట పెట్టరు. తాహ్రాకు అది తెలుసు. ముందు చలికాలం ఉంది, తర్వాత మళ్ళీ వేసవి ఉంది, ఆ వేసవికి ఫొగ్గారా ఇంకా సన్నబడుతుంది. ఆమె ఏడవలేదు. ఏడవడానికి కూర్చుంటే లేవలేనని తెలుసు.

చచ్చిన టమాటా మళ్ళలోకి దిగి, అక్కడి చెక్కపేళ్ళను దోసిళ్ళతో ఎత్తి బుట్టలో పోయడం మొదలుపెట్టింది. బుట్ట నిండగానే తెచ్చి బెండ మొదళ్ళ చుట్టూ పోసింది. అరచెయ్యి మందం రెండరచేతుల మందమైంది. పైన ఖర్జూరపు పీచుతో అల్లిన పాత వల పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది, గాలి ఎత్తుకుపోకుండా. ఖాళీ అయిన మళ్ళు ఎండలో బోడిగా, తెల్లగా మెరిశాయి. ఇంకెప్పుడూ తడవవు అవి. వాటి వైపు ఈసారి ముఖం తిప్పుకోలేదు. పొద్దు గుంకేలోపు మోసుకురావాల్సిన బుట్టలు ఇంకా మిగిలి ఉన్నాయి.